గాజుతొట్టెలో మోకాలు

గాజుతొట్టెలో ఉన్నది తన మోకాలేనని నమ్మడానికి మంగవేణికి కాస్త సమయం పట్టింది.

లేత గులాబీరంగు ద్రవంలో, రెండు ఉక్కు పట్టీల మధ్య బిగించి ఉంది అది. పైన తొడ ఎముక సగం, కింద కాలి ఎముక సగం, మధ్యలో తెల్లటి చిప్ప. చర్మం లేదు. సన్నటి గొట్టాల్లోంచి వెచ్చటి ద్రవం లోపలికి వెళ్ళి బయటికి వస్తోంది. పట్టీలు కదిలినప్పుడల్లా అది వంగి, చాచుకుని, మళ్ళీ వంగుతోంది.

"మీ తుంటి దగ్గర తీసిన కణాలతోనే పెంచాం. ఐదు నెలలు పట్టింది," అంది డాక్టర్ షమీమా. ఆ ల్యాబ్ ఆవిడదే. సముద్రం వైపు కొండ మీద, రెండు గదులు, ముగ్గురు మనుషులు. "మీరు పరిగెత్తబోయే నలభై రెండు కిలోమీటర్లూ ముందు ఇది పరిగెడుతుంది. మీ బరువు, మీ వేగం, మీ అడుగు. ఎక్కడైనా పగిలితే ఇక్కడే పగులుతుంది."

తొట్టె పక్కన తెర మీద ఆకుపచ్చ గీతలు వణుకుతున్నాయి.

"అవేంటి మేడం?"

"నరాల సంకేతాలు. నరాలు లేకుండా పెంచితే దెబ్బ మానే తీరు అసలు మోకాల్లా ఉండదు. అందుకని ఉంచాం."

"అంటే నొప్పా?"

"నొప్పి అనాలంటే అది ఎవరికో ఒకరికి తెలియాలి కదండీ. ఇక్కడ మెదడు లేదు. తెలియడానికి ఎవరూ లేరు." చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ ఆ మాట చెప్పి చెప్పి ఉన్నట్టుంది, ఆవిడ తడుముకోలేదు.

మంగవేణికి ముప్పై తొమ్మిదేళ్ళు. రైల్వేలో టికెట్ కలెక్టరు. పందొమ్మిదేళ్ళ వయసులో ఐదువేల మీటర్ల పరుగులో రాష్ట్రంలో రెండో స్థానంలో ఉండేది. ఆ ఏడే కుడి మోకాలు పోయింది. పాత పతకాలు చూసి ఉద్యోగమిచ్చారు. పద్దెనిమిదేళ్ళపాటు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే దిగింది. రెండేళ్ళ కిందట ఒక పొద్దున బీచ్ రోడ్డు మీద ఎందుకో నాలుగడుగులు పరిగెత్తింది. కాలు ఏమీ అనలేదు. మర్నాడు ఇంకొంచెం. అలా ఇరవై ఒక్క కిలోమీటర్ల దాకా వచ్చింది. డిసెంబరులో విశాఖలో జరిగే మారథాన్‌కి పేరివ్వాలని ఉంది. పేర్లకి ఆఖరి రోజు అక్టోబరు ముప్పై ఒకటి. ముగ్గురు ఎముకల డాక్టర్లను అడిగింది. ఒకాయన పరిగెత్తమన్నాడు, ఒకాయన వద్దన్నాడు, మూడో ఆయన మీ ఇష్టం అన్నాడు. పాత గాయాలున్న వాళ్ళు కావాలని ఈ ల్యాబ్ వాళ్ళు ప్రకటన ఇస్తే వచ్చి పేరు రాయించుకుంది.

"కానీ ఒక చిక్కు వచ్చింది," అంది షమీమా. "మీ మోకాలికి నకలు అంటే మీ దెబ్బకి కూడా నకలే ఉండాలి. ట్రాక్ పక్క డ్రెయిన్‌లో కాలు పడి మెలితిరిగిందన్నారు. మొత్తం ఏడు మోకాళ్ళు పెంచాం. మూడింటిని అలాగే మెలితిప్పి, ఇరవై ఏళ్ళ మానుదలని మూడు వారాల్లో జరిపించి చూశాం. మూడూ మీ స్కాన్‌తో కలవలేదు."

రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టింది.

"మెలితిరిగితే ఎముకల్ని కలిపి పట్టుకునే లోపలి లిగమెంటు తెగాలి. మీకది బాగానే ఉంది. బయటివైపు ఎముక నొక్కుకుపోయింది. గుండ్రటి అంచున్నదేదో తగిలినట్టు."

"డ్రెయిన్ గట్టు తగిలుంటుంది."

"ఒకసారి తగిలితే ఒక నొక్కు ఉండాలి. మీకు రెండున్నాయి."

మంగవేణి చూపు తొట్టె వైపు తిప్పుకుంది.

"నేను పోలీసుని కాదు," అంది షమీమా. "అసలు దెబ్బేదో తెలియకుండా పరిగెత్తిస్తే అది ఇంకెవరి మోకాలో అవుతుంది. దాన్ని నమ్ముకుని మీరు రోడ్డెక్కితే ఆ పాపం నాది."

"గుర్తు చేసుకుని చెప్తాను మేడం."

కొండ దిగేటప్పటికి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. గుర్తు చేసుకోవలసిన అవసరం ఆమెకి ఏనాడూ లేదు.

* * *

కంచరపాలెంలో వాళ్ళ క్వార్టరు. భర్త పైడిరాజు పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఒక్కతే కూతురు, హారిక, పదిహేనేళ్ళు. పదిహేను వందల మీటర్లు పరిగెడుతుంది. ఆ నెలలోనే ఆ పిల్లకి, మంగవేణి పాత కోచ్ దివాకరరావు నడిపే అకాడమీలో సీటొచ్చింది. నవంబరు ఒకటో తారీఖున హాస్టల్లో చేరాలి. తల్లిదండ్రుల సంతకాలు పెట్టాల్సిన కాగితం టీవీ మీద వారం నుంచి ఉంది. పైడిరాజు పెట్టేశాడు. రెండో గీత ఖాళీ.

"ఏటి మంగా, సంతకం పెట్టడానికి ముహూర్తం చూస్తన్నావేటి?" అన్నాడు అన్నం తింటూ.

"పెడతానులే. పదో తరగతి కదా అని ఆలోచిస్తున్నా."

"అమ్మా, అక్కడ స్కూలు కూడా ఉంది. నీకు ఇరవైసార్లు చెప్పాను," అంది హారిక.

అప్పుడు ఫోన్ మోగింది. తెలియని నంబరు. మంగవేణి వంటింట్లోకి వెళ్ళి ఎత్తింది.

"అమ్మాయ్, నేను దివాకరరావుని."

ఇరవై ఏళ్ళలో ఆ గొంతు సభల్లో, మైకుల్లోనే విన్నది. చెవిలో వినలేదు.

"నమస్తే సార్."

"మారథాన్ కమిటీకి నేనే పెద్దని తెలుసుగా. ఆ కొండ మీద ల్యాబ్ నుంచి ఉత్తరం వచ్చింది. పరుగులో నీ కాలికి ఏవో పట్టీలు కడతారట, అనుమతివ్వమని. నీ మోకాలిని మళ్ళీ తయారు చేశారటగా. దెబ్బ ఎలా తగిలిందో కూడా చూస్తారట."

ఆమె వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"ఆ కాలితో నీకెందుకమ్మా ఇంత దూరం? పేరు ఇవ్వకు. పాత సంగతులు తవ్వితే ఎవరికి లాభం? హారిక పరుగు చూశాను. అచ్చం నీలాగే అడుగేస్తుంది. ఇక నా దగ్గరే ఉంటుందిగా. నేను చూసుకుంటాను."

ఫోన్ పెట్టేశాక ఆమె నేల మీద కూర్చుంది. కుళాయి కారుతున్న చప్పుడు వింటూ, లేచి దాన్ని కట్టాలనుకుంటూ, లేవలేక అలాగే ఉండిపోయింది.

"ఎవరే?" అన్నాడు పైడిరాజు గుమ్మంలోంచి.

"కోచ్ సార్."

"అంత పెద్దాయన మనకి ఫోన్ చేశాడా?" అని మురిసిపోతూ వెళ్ళి కూతురికి చెప్పాడు. 'నేను చూసుకుంటాను' అన్న మాట ఆమె ఒంట్లో ఎక్కడో దిగి, కదలకుండా ఉండిపోయింది.

* * *

మర్నాడు డ్యూటీ దిగి, యూనిఫారం కూడా మార్చుకోకుండా కొండెక్కింది.

"హాకీ కర్ర," అంది షమీమాతో, కూర్చోకముందే.

షమీమా కుర్చీ దగ్గరికి లాగింది.

"అప్పటికి పది రోజులుగా కాలి ముందు ఎముక నొప్పిగా ఉంది. రెండు రోజుల్లో సెలక్షన్లు. ఆ పొద్దున పరుగు మధ్యలో ఆగిపోయాను. 'సార్, ఇవాళ నా వల్ల కాదు' అన్నాను. మా కోచ్ దివాకరరావు సామాన్ల గదిలోకి వెళ్ళి కర్ర తెచ్చాడు. మొదటి దెబ్బ నిలబడి ఉండగా. రెండోది కింద పడ్డాక." ఆగి నీళ్ళు తాగింది. "నలుగురు అమ్మాయిలు చూశారు. 'మంగ డ్రెయిన్‌లో పడింది, జీపు తీసుకురండి' అన్నాడు ఆయన. అందరూ అదే మాట అన్నారు. నేనూ మా అమ్మకి అదే చెప్పాను. చెప్పగా చెప్పగా ఆ డ్రెయిను నాకు కళ్ళకి కనబడేది కూడా. ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరం రాసింది ఆయనే."

షమీమా కాగితం, కలం తీసుకుంది. తర్వాత అడగవలసినవి అడిగింది. ఎటువైపు నిలబడ్డాడు, కర్ర ఎంత పైకెత్తాడు, ఒంటి చేత్తోనా రెండు చేతులతోనా. మంగవేణి లేచి నిలబడి చూపించింది. తన చేతులు తనకి తెలియకుండానే ఆయన పట్టు పట్టడం చూసి దించేసింది.

నాలుగు మోకాళ్ళు మిగిలి ఉన్నాయి. రెండు రోజులకి అన్నీ సిద్ధం చేశారు. తొట్టె పక్కన ఒక ఇనుప చెయ్యి, దాని కొసన కర్ర ముక్క.

"మీరు పక్క గదిలో కూర్చోండి," అంది షమీమా.

"ఇక్కడే ఉంటాను."

"రెండు దెబ్బలకీ మధ్య ఎంతసేపు?"

మంగవేణి ఆలోచించింది. "కింద పడి 'సార్, సార్' అని రెండుసార్లు అన్నాను. అంతసేపు."

షమీమా మీట నొక్కింది. ఇనుప చెయ్యి తిరిగింది. చప్పుడు పెద్దగా లేదు. తడిబట్టని బండకేసి ఒక్కసారి కొట్టినట్టు ఉంది. తెర మీది ఆకుపచ్చ గీతలన్నీ ఒక్కసారిగా లేచి, పై అంచుకి తగిలి, అక్కడే ఉండిపోయాయి. దిగలేదు. తొట్టెలో ద్రవం అటూ ఇటూ ఊగుతోంది. పట్టీల్లో బిగించి ఉన్న ఆ ముక్క వణుకుతోంది. మంగవేణి తన కుడి మోకాలిని రెండు చేతులతో కప్పుకుంది.

రెండో దెబ్బకి వేళయింది. షమీమా వేలు మీట మీద ఉంది గాని నొక్కలేదు.

"మేడం," అంది మంగవేణి. "ఆయన ఆగలేదు."

షమీమా కళ్ళు మూసుకుని నొక్కింది.

అయిపోయాక ఆవిడ ముందు చేసిన పని తెరని గోడవైపు తిప్పడం. "ఇంకా మూడున్నాయి," అంది. "వాటికి మీరుండద్దు. దయచేసి." తెలియడానికి అక్కడ ఎవరూ లేరన్న మాట ఆవిడ మళ్ళీ అనలేదు.

* * *

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పేసింది. పప్పు ఉడుకుతూ ఉంది, హారిక బూట్లు కడుక్కుంటోంది, పైడిరాజు పేపరు చూస్తున్నాడు. ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి, మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చెప్పింది.

పైడిరాజు మొహం నల్లబడిపోయింది. "పదహారేళ్ళయింది మన పెళ్ళయి," అన్నాడు. "నాకు చెప్పలేదేటి?"

"భయమేసింది."

"నేనంటే భయమా?"

"చెప్తే నిజమైపోతుందని."

హారిక చేతిలో తడి బూటు అలాగే ఉంది. నీళ్ళు గచ్చు మీద పడుతున్నాయి. "అమ్మా, ఆ డాక్టరు కనిపెట్టకపోతే నువ్వేం చేద్దువు? సంతకం పెట్టి పంపేద్దువా నన్ను?"

"లేదమ్మా. ఏదో ఒక వంక చెప్పి ఆపేదాన్ని."

"దొరక్కపోతే?"

మంగవేణి గచ్చు మీది నీళ్ళ వైపు చూసింది. ఈ వారం రోజులూ ఆ ప్రశ్నే తనని నిద్రలోంచి లేపుతోందని చెప్పాలనుకుంది. చెప్పలేదు. హారిక బూటు కింద పెట్టి, టీవీ మీది కాగితం తీసి, మడిచి, మళ్ళీ మడిచి, తండ్రి చేతిలో పెట్టింది. తల్లి వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. రెండు రోజులు ఆ పిల్ల తల్లితో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున, "స్టేషన్‌కి వెళ్తున్నావుగా, నేనూ వస్తాను," అంది. రైల్వే స్టేషన్ కాదు, పోలీసు స్టేషన్. మంగవేణి ఆ రోజు సెలవు పెట్టింది.

ఎస్సై ఫిర్యాదంతా విని, రెండుసార్లు చదివి తీసుకున్నాడు. "ఇరవై ఏళ్ళ నాటిదమ్మా. సాక్షులు ముందుకు రావాలి. ల్యాబ్ కాగితం ఒక్కటే చాలదు. డాక్టర్ల బోర్డు మీ కాలు చూసి చెప్పాలి. దానికి నెలలు పట్టచ్చు. అప్పటిదాకా మోకాలిని ఇప్పుడెలా ఉందో అలా ఉంచండి."

ఆ ఆఖరి మాట ఎంత బరువైందో ఆమెకి అప్పుడు తట్టలేదు.

* * *

అక్టోబరు ముప్పై ఒకటిన షమీమా పిలిచింది. మూడు వారాల్లో నాలుగు మోకాళ్ళూ ఇరవై ఏళ్ళు ముసలివయ్యాయి. ఈసారి చిత్రాలు ఒకదాని మీద ఒకటి పెడితే రెండు నొక్కులూ మంగవేణి స్కాన్‌తో అణువంత తేడా లేకుండా కలిశాయి. తర్వాత ఒక్కోదాన్నీ ఐదేసి గంటలు పరిగెత్తించారు.

"మూడు పూర్తి చేశాయి," అంది షమీమా. "నాలుగోది ముప్పై ఎనిమిదో కిలోమీటరు దగ్గర పగిలింది."

"ఎక్కడ?"

"రెండో నొక్కు దగ్గర."

మంగవేణి ఒళ్ళో ఫోన్ ఉంది. అందులో మారథాన్ ఫారం అంతా నింపి ఉంది. సాయంత్రం ఆరు దాకా గడువు. పంపడమే తరువాయి.

"మూడు నిలిచాయి కదా మేడం."

"నిలిచాయి. ఆరోగ్యం సంగతి ఒక్కటే అయితే నిర్ణయం మీదే, నేను అడ్డం రాను. కానీ అక్కడే పగిలితే గుర్తు పోతుంది. బోర్డు వాళ్ళకి కొత్త పగులు కనిపిస్తుంది, పాత దెబ్బ కనిపించదు. 'మారథాన్‌లో విరగ్గొట్టుకుంది' అంటారు ఆయన లాయర్లు."

ఆమె ఫారం వైపు చూసింది. పంపితే నాలుగింట ఒక వంతు ఆయన తప్పించుకునే అవకాశం ఉంది. పంపకపోతే ఆయన చెప్పినట్టే చేసినట్టు. 'పేరు ఇవ్వకు' అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన చెప్పినట్టే చేస్తూ వచ్చింది. నలభై దాటాక ఈ కాలు ఇంకా ఎన్నాళ్ళు పరిగెత్తనిస్తుందో ఎవరికి తెలుసు? ఐదున్నర దాకా కిటికీ దగ్గర నిలబడి ఉంది. కింద సముద్రం మీద ఒక ఓడ కదులుతున్నట్టే లేదు.

ఫారం మూసేసింది.

వారం తిరక్కుండా ఆయన నుంచి ఫోన్‌లో ఒక చిన్న సందేశం వచ్చింది. "మంచి పని చేశావు." ఫిర్యాదు సంగతి ఆయనకింకా చేరలేదు. మంగవేణి దాన్ని చెరిపెయ్యకుండా తీసుకెళ్ళి ఎస్సైకి చూపించింది.

తర్వాతి నెలలు తేలిగ్గా గడవలేదు. మోటారుసైకిల్ మీద ఎవరో రెండుసార్లు ఇంటిదాకా వెంట వచ్చారు. హారికని స్కూలుకి పైడిరాజే దింపి తీసుకొచ్చేవాడు. మెట్లు, తడినేల, రైలు ఫుట్‌బోర్డు, అన్నీ మంగవేణికి ప్రమాదాలే. కాలు జారితే సాక్ష్యం పోతుందని పసిబిడ్డని మోస్తున్నట్టు ఆ మోకాలిని మోసింది. పరుగు పూర్తిగా మానేసింది. ఆనాడు చూసిన నలుగురిలో ఇద్దరు వచ్చి వాంగ్మూలమిచ్చారు. ఒకామె ఫోన్ ఎత్తలేదు. ఇంకొకామె ఏడ్చి, పిల్లలున్నారు నన్నొదిలెయ్ అంది. మంగవేణి ఆమెని మళ్ళీ అడగలేదు. ఏప్రిల్‌లో బోర్డు వాళ్ళు రెండు పూటలు పరీక్షించి, కర్రతో కొట్టిన దెబ్బలే అని రాశారు. దివాకరరావు కమిటీ నుంచి తప్పుకున్నాడు. బెయిలు మీద బయటే ఉన్నాడు. కేసు నడుస్తోంది.

* * *

బోర్డు రిపోర్టు చేతికొచ్చాక ఆమె మళ్ళీ పరుగు మొదలుపెట్టింది. అక్టోబరులో షమీమా తనంతట తనే ఫోన్ చేసింది.

"ఈసారి పరిగెడతారా?"

"అనుకుంటున్నాను మేడం."

"మీ కణాలు ఇంకా దాచే ఉంచాం. మే నెలలోనే రెండు మోకాళ్ళు మొదలుపెట్టి ఉంచాను, మీరు అడుగుతారేమోనని. ఏడాది ఆగారు కదా, ఎముక మారి ఉండచ్చు. చూసి చెప్తాను."

"వాటిని మళ్ళీ కొట్టాలి కదా?"

"కొట్టాలి. లేకపోతే అది మీది కాదు."

"వద్దు మేడం."

"తెలియకుండా పరిగెడితే భయం కదండీ."

"భయమే. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. ఉండనీండి. దాన్ని కొట్టించి నేను ధైర్యం తెచ్చుకోలేను."

ఆ సాయంత్రమే ఫారం పంపింది. పంపాక ఫోన్‌ని బోర్లా పెట్టేసింది.

డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుతుండగా బీచ్ రోడ్డు మీద వేలమంది మధ్య నిలబడింది. పళ్ళు టకటకమంటుంటే చలి అనుకున్నారు పక్కవాళ్ళు. పది కిలోమీటర్లు బాగానే ఉంది. ఇరవై దాటాక ఒక్కో అడుగునీ వింటూ పరిగెత్తింది. రుషికొండ ఎత్తు ఎక్కింది, దిగింది. ముప్పై. ముప్పై రెండు. ముప్పై నాలుగో కిలోమీటరు గుర్తు దాటాక మోకాలికి బయటివైపు సన్నగా ఏదో మొదలైంది. నొప్పి అనడానికి లేదు. వేలితో తట్టి పిలిచినట్టుంది. ఇంకో నూరు అడుగులు చూసింది. ఆగలేదు అది.

మంగవేణి ఆగింది.

రోడ్డు పక్కకి తప్పుకుని, నడివయసు ఆడవాళ్ళిద్దరు నీళ్ళు పంచుతున్న బల్ల దగ్గరికి నడిచి వెళ్ళింది. వాళ్ళలో లావుపాటావిడ ఎదురొచ్చింది. "ఏమైందమ్మా? పడ్డావా?"

"లేదండీ. పడలేదు." ఊపిరి అందేదాకా ఆగింది. "ఇవాళ్టికి నా వల్ల కాదు."

అనేశాక ఆమె ఒళ్ళంతా బిగుసుకుపోయింది. తల భుజాల్లోకి ముడుచుకుంది. ఆ క్షణం వెనక ఎవరో నడిచి వస్తున్నారని ఆమెకి ఖాయంగా తెలుసు.

"సరేలే, ఇంత దూరం వచ్చావు కదా, చాలదూ," అంది ఆవిడ, గ్లాసు చేతికందిస్తూ. "కూర్చో. ఆ కుర్చీ లాక్కో. ఎవరైనా వస్తారా నీకోసం, ఫోన్ చెయ్యమంటావా?"

మంగవేణి వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద జనం ఎవరి పరుగు వాళ్ళు పరిగెడుతున్నారు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, కాలు చాపి, నీళ్ళు తాగింది.